చావుల రిజిస్టర్‌లో చివరి గడి

నా పదవీ విరమణ సభలో నలుగురు మాట్లాడారు. నలుగురూ ఒకే కథ చెప్పారు. చెదలు తినేసిన రికార్డుల్లోంచి సైతం విజయమ్మ మేడం పేదవాళ్ల కోసం మరణ ధ్రువపత్రాలు తీసి ఇచ్చిందట. శాలువా కప్పించుకుని కూచున్నదాన్ని కాబట్టి ఆ పూట నోరు మూసుకున్నాను. ఇప్పుడు శాలువా బీరువాలో ఉంది. నోరు నా దగ్గరే ఉంది.

మొదట చెదల సంగతి తేల్చేద్దాం. కల్యాణదుర్గం చుట్టుపక్కల ఒక మండల రెవెన్యూ ఆఫీసులో గుమాస్తాగా చేరి, ఇరవై ఏళ్లు జనన మరణాల సీటు చూసి, యాభై నిండకుండానే చాలు అనుకుని బయటికి వచ్చాను. మండలం పేరు రాయను. రాస్తే ఇంకా సర్వీసులో ఉన్నవాళ్లు ఫోన్లు చేసి నా మధ్యాహ్నం నిద్ర పాడుచేస్తారు. అన్నేళ్లలో నిజంగా చెదలు పట్టిన రిజిస్టర్లు నేను చూసినవి రెండంటే రెండు. ఒకటి పుట్టుకలది, ఇంకొకటి పశువుల లెక్కలది. మా కరువు సీమలో చెదలకు కూడా తడి దొరకదు. అయినా ప్రతి మండలాఫీసులోనూ చెద ఒక ఉద్యోగి. జీతం అడగదు, బదిలీ అడగదు, చేయని పనికి నింద వేస్తే ఎదురు మాట్లాడదు. వెతకడం ఇష్టం లేని ప్రతి గుమాస్తా దాని మీదికి నెట్టేసి ఐదింటికి బస్సెక్కుతాడు.

ఇక పేదవాళ్ల సంగతి. కాగితాలు తీసి ఇచ్చిన మాట నిజమే. ఒక పేదామె మొగుణ్ణి చచ్చిపోయినాక మూడేళ్లు బతికించి పెట్టిందీ నేనే. ఆ మాట సభలో ఎవరూ చెప్పలేదు. ఈ సీట్లోకి కొత్తగా వచ్చే పిల్లలు చదువుతారని ఆ సంగతి ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్లు ఎట్లా వస్తాయో వేరేవాళ్లను అడగండి. నాకు ఒక్కటే వచ్చింది, అది కూడా ఆలస్యంగా.

సోమవారం చావులు

మీకు శిక్షణలో చట్టం చెబుతారు. ఎన్ని రోజుల్లోగా నమోదు చేయాలి, ఆలస్యమైతే ఎవరి అనుమతి కావాలి, అన్నీ చెబుతారు. రిజిస్టర్ ఎట్లా నిండుతుందో మాత్రం చెప్పరు.

నేను చేరిన కొత్తలో మా మండలంలో జనం ఎక్కువగా సోమవారమే చనిపోయేవాళ్లు. ఏదో గ్రహబలం అనుకునేరు. సోమవారం అర్జీల రోజు. గ్రామ సహాయకులందరూ మండలాఫీసుకు వచ్చేవాళ్లు. ఎమ్మార్వో సారు వచ్చేదాకా వరండాలో కూచుని ఆ వారం చావులు రాసుకునేవాళ్లు. తలారి నోటి మాటగా చెప్పేవాడు, సహాయకుడు రాసేవాడు, తేదీ గడిలో చేతికి వచ్చిన తేదీ పడేది. చేతికి ఎప్పుడూ ఆ రోజు తేదీయే వస్తుంది. వయసులన్నీ నలభై, నలభై ఐదు, యాభై. మా మండలంలో నలభై మూడేళ్ల మనిషి ఒక్కడూ చావలేదు. కారణాలు కూడా మూడే. పడుచువాళ్లు జ్వరంతో పోయేవాళ్లు, ముసలివాళ్లు వృద్ధాప్యంతో, మధ్యవాళ్లు గుండెనొప్పితో.

ఒకసారి ఒక రిటైర్డు పంతులు వచ్చి నాతో గంటసేపు వాదించాడు. "మా నాయన ఏకాదశి పొద్దున పోయినాడమ్మా. మీ రిజిస్టర్లో పౌర్ణమి నాటి తారీఖు ఉండాది. నేను తద్దినం ఎప్పుడు పెట్టాల?" అని. రిజిస్టర్లో ఉన్నదే తేదీ అన్నాను. "అయితే ఆ నాలుగు దినాలూ మా నాయన యాడ ఉన్యాడో మీరే చెప్పండి" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు కాబట్టి గొంతు పెంచాను. ఆఫీసులో గొంతు పెంచే ప్రతిసారీ కారణం అదేనని తర్వాత తెలిసింది.

నాకు పని నేర్పింది మా డిప్యూటీ తహసీల్దారు. మంచి దస్తూరీ, మడత నలగని చొక్కా. మొదటి వారమే చెప్పాడు: "చూడమ్మా, 'ఉంది' అని రాసినావంటే దాని వెనక పది పనులు మొదలవుతాయి. 'లేదు' అని రాస్తే ఫైలు మూతపడుతుంది. రెండూ సంతకాలే." నమోదు దొరకనివాళ్లకు ఇచ్చే పత్రానికి ఆయనే ఒక నమూనా తయారు చేసి పెట్టాడు. పేరు ఒక్కటీ నింపితే చాలు: "సదరు వ్యక్తి మరణించిన దాఖలా లేదు." నేను దాన్ని అందంగా రాసేదాన్ని. ఆయన మెచ్చుకునేవాడు. ఆయన పదవీ విరమణ సభ నా సభ కంటే పెద్దగా జరిగింది.

హనుమక్క అర్జీ

తొంభైల చివర ఒక ఎండాకాలం హనుమక్క వచ్చింది. గొర్రెలు మేపుకునే ఇంటి కోడలు, ముప్పై ఏళ్లు ఉంటాయేమో. భర్త ఈరన్న పేరిట నాలుగెకరాల మెట్ట, అందులో ఒక బోరు. బోరులో కాసిని నీళ్లున్నాయి కాబట్టి మా వైపు అది ఆస్తి కిందే లెక్క. భర్త పోయినాక ఆ పొలం మరిది కరియప్ప చేస్తున్నాడు. పాసు పుస్తకం తన పేరుకు మార్పించుకుందామని ఆమె వచ్చింది. ఆమెకు చదువు రాదు, ఆఫీసులు కొత్త అని కరియప్పే తోడు వచ్చాడు. భుజం మీద కంబళి వేసుకుని నా టేబులుకు నాలుగడుగుల దూరంలో, గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఎప్పుడు చనిపోయినాడమ్మా?" అని అడిగాను.

"మూడేండ్లాయ. కాలవ కింద వరికోతలైనంక."

"తారీఖు చెప్పు."

"తారీఖు నాకేం తెలుసమ్మా? సచ్చేటోడు చెప్పి సచ్చినాడా?"

"ఎక్కడ?"

"యాడో కాలవ కింద. అన్నాదమ్ములిద్దురూ మంద తోలుకొని పోయిన్యారు. ఆడనే మన్ను చేసినారు. నేను మొగం గూడా సూడల్యా."

అర్జీ ఫారంలో "గ్రామం" అని ఒక గీత ఉంది. దాని మీద ఆమె సొంతూరి పేరు రాశాను. "కాలవ కింద" అన్న మాట రాయడానికి ఫారంలో చోటు లేదు, నేనూ చోటు చేయలేదు. ఆ ఊరి రిజిస్టర్లు ముందువీ వెనకవీ కలిపి ఐదేళ్లవి దించి, పేజీ పేజీ తిప్పాను. ఒక రోజంతా పట్టింది. నిజం చెప్పాలంటే, అంత శ్రద్ధగా వెతికానని నాకు గర్వంగా కూడా ఉండింది. ఈరన్న లేడు. నమూనాలో పేరు నింపి, ముద్ర కొట్టి, ఎమ్మార్వో సంతకం చేయించాను. ఆలస్యంగా నమోదు చేయించుకోవాలన్నా, ముందు "దొరకలేదు" అనే కాగితం కావాలి కాబట్టి, ఆమెకు మేలే చేశాననుకున్నాను.

ఆ కాగితం హనుమక్కకు ఇవ్వలేదు. ఆమెకు చదువు రాదు కదా. కరియప్ప చేతికిచ్చి, "ఇది పట్టుకుని ఆర్డీవో ఆఫీసుకు పోండప్పా" అన్నాను. అతను రెండు చేతులా తీసుకుని కంబళి మడతలో పెట్టుకున్నాడు.

ఒక్క పూటలో ఎన్ని తప్పులు చేయవచ్చో లెక్కపెట్టుకోండి. వాటిలో పెద్దది ఏదో చివర చెబుతాను.

మూడేళ్ల తర్వాత

ఆర్డీవో ఆఫీసుకు ఎవరూ పోలేదు. మూడేళ్లు గడిచాక ఒక సోమవారం హనుమక్క మళ్లీ వచ్చి, వరుసలో నిలబడకుండా నేరుగా నా టేబులు దగ్గరికొచ్చింది.

"ఏమ్మా, నువ్వు గొప్పదానివమ్మా" అంది. "మన్ను తోసి నా మొగున్ని లేపినావు. లేపి మూడేండ్లాయ, ఇంతవరకూ ఇంటికి రాల్యా. యాడ కూచోబెట్టినావో చెప్పు, పోయి పిల్చుకొస్తా."

ఆఫీసంతా తలెత్తి చూసింది. కోపంతో ఫైలు తెప్పించాను. చదివినాక ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

జరిగింది ఇది. ఆమె ఇంకొకరి చేత అర్జీ రాయించి పాసు పుస్తకం మార్పు అడిగింది. కరియప్ప అభ్యంతరం పెట్టాడు. ఆధారంగా నా కాగితం జత చేశాడు: ఈరన్న మరణించిన దాఖలా లేదు. దాంతోపాటు ఓటర్ల జాబితా నకలు కూడా జత చేశాడు. జాబితాలో ఈరన్న పేరు ఉండటమే కాదు, ఓటు వేసినట్టు టిక్కు కూడా ఉంది. మా ఎమ్మార్వో సారు రెండు కాగితాలూ చూసి, భర్త మరణం రుజువు కానందున మార్పు కుదరదని రాశాడు. కొన్నాళ్లకు పింఛన్ల తనిఖీ వచ్చింది. మొగుడు చావని మనిషికి వితంతు పింఛను ఎట్లా ఇస్తారని అదీ ఆపేశారు. పొలం మాత్రం కరియప్ప చేస్తున్నాడు, అన్న తిరిగొచ్చేదాకా.

"నేను రూలు ప్రకారం వెతికాను. రిజిస్టర్లో లేదు, లేదని రాశాను" అన్నాను.

"మీ బుక్కులో లేదని రాసినావా, నా మొగుడు సచ్చిపోల్యా అని రాసినావా?"

కాలేజీలో వక్తృత్వ పోటీల్లో కప్పులు తెచ్చుకున్నదాన్ని. ఆ ప్రశ్నకు ఫైలు తాడు విప్పి మళ్లీ కట్టాను.

"దినాలకు యాటను కోసినాం" అంది. "ఊరంతా తిన్యారు. మీ తలారి రెండుతూర్లు వడ్డించుకొన్యాడు, వాన్ని అడుగు. ఊరికి నేను ముండమోపిని, ఆపీసుకు ముత్తైదువను. బొట్టు పెట్టుకోనా? గాజులేసుకోనా? అదన్నా ఒక కాగితం మీద రాసియ్యి, ఇంటి కాడ చూపిస్తా."

ఆమె కూతురికి అప్పటికి తొమ్మిదో పదో ఏళ్లు. పొలం పేరు మారకపోతే తల్లీ కూతురూ తమ పొలంలోనే మరిదికి కూలికి పోవాలి. అప్పటికే పోతున్నారు.

మంద ఎక్కడుంది?

ఆ సాయంత్రం మా అటెండరు ఖాదర్ సాబ్ కిటికీలు వేస్తూ మాట కలిపాడు. ఆయన అన్న గొర్రెల సంతలో బేరాలు కుదిర్చే మనిషి. ఖాదర్ సాబ్ ఆఫీసులో నా కంటే పదేళ్లు పెద్ద సర్వీసు. ఆఫీసర్లు ఆయన్ని టీ తెమ్మని తప్ప ఇంకేమీ అడిగేవాళ్లు కాదు. నేనూ అంతే.

"అమ్మా, మీరు గొర్లోల్లను తారీఖు అడుగుతాండారు" అన్నాడు. "వాల్లకాడ తారీఖులుండవు. మంద యాడుండె అని అడగండి. తప్పులేకుండా చెప్తారు."

అప్పుడు వివరంగా చెప్పాడు. మా మెట్టలో గడ్డి అయిపోగానే గొర్రెల మందలు కాలువ నీళ్లు పారే ఊళ్లకు దిగుతాయి. పైరు కోసిన పొలంలో మందను రాత్రిళ్లు పడుకోబెడితే రైతుకు ఎరువు, కాపరికి గింజలు. ఏ మంద ఏ ఊళ్లో ఎవరి పొలంలో ఆగాలన్నది తాతల నాటి ఏర్పాటు. ఏటా అదే దారి, అవే మకాములు. మనకు క్యాలెండరు ఎట్లానో వాళ్లకు ఆ మకాములు అట్లా.

మరుసటి ఆదివారం హనుమక్క ఊరికి పోయాం. ఆమె మేనమామ నింగప్ప, డెబ్బై దాటిన కాపరి, వేపపుల్ల నములుతూ అరుగు మీద కూచుని ఉన్నాడు. ఈరన్న చనిపోయినప్పుడు మంద ఎక్కడుండింది పెద్దాయనా అని అడిగాను. ముసలాయన వేళ్లు మడుస్తూ మకాములు వరసగా చెప్పుకుపోయాడు. ఊరు, పొలం, పొలం ఆసామి పేరు, ఎన్ని రాత్రులు, తాగే నీళ్లు ఎక్కడ. మా ఆఫీసులో ఏ రికార్డూ అంత శుభ్రంగా లేదు.

"ఏడో మకాము బసిరెడ్డి పొలం, రైసుమిల్లు ఎనకాల. ఆడనే పురుగు ముట్టె" అన్నాడు. మా వైపు పాము పేరు ఎత్తరు, పురుగు అంటారు. "నేను వేరే మందలో రెండు మకాములు ఎనకుంటి. కబురొచ్చి నేను పొయ్యేకి మన్ను చేసేసిన్యారు."

"మరి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదేం?"

"ఎవురడిగినారమ్మా?"

ఆ ఊరి మండలాఫీసుకు ఉత్తరం రాశాను. నెల తర్వాత జవాబు వచ్చింది. సదరు సంవత్సరపు రిజిస్టర్లు చెదలు పట్టి శిథిలమైనవి. అది చదివి ఒక్కదాన్నే కూచుని నవ్వాను. ఏళ్ల తరబడి జనానికి నేను పోసిన మందు ఇప్పుడు నాకే పోశారు.

బ్యాలెట్ పెట్టెల కింద

సెలవు పెట్టి నేనూ, ఖాదర్ సాబూ, హనుమక్కా రెండు బస్సులు మారి పోయాం. ఎర్రనేల, ఎండిన చెనిక్కాయ చేలు దాటి, కాలువ కనబడగానే రెండు వైపులా పచ్చటి వరి. హనుమక్క కిటికీలోంచి చాలాసేపు చూసింది. "ఇన్ని నీల్లుండే ఊళ్లో సచ్చిపోయినాడా" అంది.

ఆ ఆఫీసులో జనన మరణాల సీట్లో ఒక కుర్ర గుమాస్తా.

"చెదలు మేడం. మేం రాసినాం గదా."

"ఏ గదిలో?"

"రికార్డు రూములో."

"చెదలు చూడటానికే వచ్చాం. తలుపు తియ్యి నాయనా."

తాళంచెవి కోసం ఒక గంట. తలుపు తీస్తే గది నిండా ఇనప బ్యాలెట్ పెట్టెలు, కప్పు దాకా. వాటి వెనక ఏముందో ఆ అబ్బాయికి తెలియదు. అతను చేరకముందు నుంచే పెట్టెలు అట్లా ఉన్నాయట. ఖాదర్ సాబ్ చొక్కా విప్పి బనీను మీద నిలబడ్డాడు. ఆయన పెట్టెలు అందిస్తుంటే నేనూ హనుమక్కా బయట పేర్చాం. కింద, గోడవారగా, తాళ్లతో కట్టిన రిజిస్టర్లు. దుమ్ము తప్ప ఒక్క చిల్లు లేదు.

ఏడో మకాము ఊరి రిజిస్టరు విప్పి, వరికోతల తర్వాతి పేజీలు తిప్పాను. ఉన్నాడు. ఈరన్న. తండ్రి పేరు, కులం, సొంతూరు మా మండలంలోని ఊరు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. వయసు ముప్పై నాలుగు. కారణం పాము కాటు. తేదీ చూసి వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. గురువారం. నా ఉద్యోగంలో అంత నమ్మదగిన నమోదు అంతకుముందు చూడలేదు.

ఆ పేజీ రాసిన గ్రామ సహాయకుడు ఆ ఊళ్లోనే ఉన్నాడంటే వెతుక్కుంటూ పోయాం. ఇంత జాగ్రత్తగా ఎందుకు రాశావప్పా అని అడిగితే ఆయన వింతగా చూశాడు. "పరాయోడు గదమ్మా. మా ఊరోడైతే తీరిగ్గా రాసుకుంటాం. పరాయోడు మా ఊరి మన్నులో పండుకొంటే ఆ పూటే రాయాల, ఏలిముద్ర ఏయించుకోవాల. రేపు వాల్లోల్లు వచ్చి మీరే సంపినారంటే?"

ఇది మీకు ఏ శిక్షణలోనూ చెప్పరు, రాసి పెట్టుకోండి. సొంతూళ్లో చచ్చినవాడి చావు సోమవారం దాకా ఆగుతుంది. పరాయి ఊళ్లో చచ్చినవాడి చావు ఆ రోజే రిజిస్టర్‌కు ఎక్కుతుంది. ప్రేమ వల్ల కాదు, భయం వల్ల. రికార్డులకు భయం మంచి ఎరువు.

ఏలిముద్ర అన్నాడు కదా. ఆఫీసుకు తిరిగొచ్చి, వరండాలో రిజిస్టరు మళ్లీ విప్పి, అప్పుడు చూశాను ఆ వరసలో చివరి గడిని. సమాచారం ఇచ్చినవారు ఎవరు అనే గడి. ఆ సీట్లో అన్నేళ్లు కూచుని కూడా దాన్ని నేనెప్పుడూ చదవలేదు. నకలు తీసేటప్పుడు ఆ గడి వదిలేస్తాం, ధ్రువపత్రంలో దానికి చోటు లేదు.

అందులో ఉంది: కరియప్ప, మృతుని తమ్ముడు. పక్కన ఎడమ బొటనవేలి ముద్ర. ఆమెకు చదువు రాదని నేను కాగితం ఇచ్చిన మనిషికీ చదువు రాదన్నమాట.

హనుమక్కకు చదివి వినిపించాను. "ఏలిముద్ర యాడుండాది, సూపించు" అంది. చూపించాను. ముట్టుకోకుండా, వంగి చూసింది. "ఈ చేత్తోనే గదా దినాలకు నీల్లిడిసింది" అంది. తర్వాత చీర చెంగుతో పేజీ మీద దుమ్ము తుడిచి, "మూసెయ్యమ్మా, ఎండ తగుల్తాది" అంది.

విచారణ

ఆ ఆఫీసు నుంచి ధ్రువపత్రం చేతికొచ్చింది. మా ఎమ్మార్వో సారు దాన్ని రెండుసార్లు చదివాడు. చెడ్డ మనిషి కాదు. ఆయన దిగులంతా ఫైలు గురించే.

"ఏమ్మా విజయమ్మా, ఆ పాత కాగితం కూడా మనదే గదా. దాన్నేం చేద్దాం?"

"తప్పుగా ఇచ్చామని రాసి రద్దు చేద్దాం సార్. రాసింది నేనే."

"ఆఫీసు తప్పు చేసిందని ఆఫీసే రాస్తే ఎట్లమ్మా? 'తదుపరి వెలుగులోకి వచ్చిన అంశాల దృష్ట్యా' అని పెట్టు."

"వెలుగులోకి రాలేదు సార్. బ్యాలెట్ పెట్టెల కింద ఉండింది."

"నువ్వు ఊరికే వాదిస్తావమ్మా" అన్నాడు. చివరికి ఆయన వాక్యమే ఫైల్లోకి పోయింది. నా వాక్యం ఇక్కడ రాస్తున్నాను: తప్పు నాది.

కరియప్పను పిలిపించారు. అదే కంబళి, అదే గోడ. సారు రిజిస్టరు నకలు చూపించాడు.

"ఏమప్పా, ఈ ఏలిముద్ర నీదేనా?"

"నాదే ఉంటాది సార్."

"మరి మీ అన్న బతికే ఉన్నాడని అర్జీ పెట్టినావే?"

"బతికుండాడని నేను యాడ అన్యా సార్? సచ్చిపోయిన దాఖలా లేదన్యా. మేడమ్మ రాసిందే ముందర పెట్టినా."

నేను ఎవరి చేతిలోనూ ఓడిపోయే రకం కాదు. ఆ మాట చేతిలో ఓడిపోయాను. అతను నా వాక్యాన్ని అక్షరం మార్చకుండా వాడుకున్నాడు, అంతే.

"ఆ బుక్కులో ఏలిముద్ర ఏసినప్పుడు అదేం బుక్కో తెలీదా?" అని సారు గదిమాడు.

"ఏయమన్యారు, ఏసినా. మా యన్న ఆడ గుంతలో ఉండాడు. ఆ పొద్దు నాకు బుక్కు కనపడతాదా సార్?"

హనుమక్క అతని వైపు తిరిగి, మెల్లగా, ఇంట్లో మాట్లాడినట్టే అడిగింది. "అదంతా సరే కరియప్పా. మూడేండ్లు నన్ను నా చేన్లోనే కూలికి పిలిస్తివే, అప్పుడు గూడా కనపడల్యా?" అతను కంబళి ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు.

పాసు పుస్తకం హనుమక్క పేరుకు మారింది. పింఛను మళ్లీ వచ్చింది. ఓటర్ల జాబితాలోంచి ఈరన్నను తీయడానికి మాత్రం ఇంకో ఎన్నిక పట్టింది. ఆ ఎన్నికలోనూ ఆయన ఓటు వేశాడని విన్నాను.

వచ్చేవాళ్లకు

నన్నెవరూ సలహా అడగలేదు కాబట్టి చెబుతాను. తేదీ అడగకండి. ఆ రోజు ఇంట్లో ఏం జరుగుతోంది, మంద ఎక్కడుంది, చెనిక్కాయ పీకేశారా లేదా, అవి అడగండి. తేదీ మీరే కట్టుకోవచ్చు. మనిషి ఏ ఊరివాడు అని కాదు, ఊపిరి ఏ ఊళ్లో పోయింది అని అడగండి. రిజిస్టర్లు ఆ లెక్కనే ఉంటాయి. దొరకకపోతే, ఏ ఊరివి, ఏ ఏళ్లవి వెతికారో రాసి, వాటిలో కనబడలేదని రాయండి. అంతకు మించి ఒక్క మాట రాయకండి. కాగితం ఎవరిదో వాళ్ల చేతికే ఇవ్వండి, చదువు రాకపోతే చదివి వినిపించి మరీ ఇవ్వండి. అటెండరును అడగండి. ఇంకో ఆఫీసువాళ్లు చెదలు అంటే, చూపించమనండి.

పెద్ద తప్పు ఏదో చివర చెబుతానన్నాను కదా. నమూనా వాక్యం కాదు. కాగితం కరియప్ప చేతికి ఇవ్వడమూ కాదు. ఆ మొదటి రోజు ఈరన్న ఎక్కడ చనిపోయాడో చెప్పగలిగిన మనిషి నా గదిలోనే ఉన్నాడు. "అన్నాదమ్ములిద్దురూ పోయిన్యారు" అని హనుమక్క నోటితో చెప్పింది కూడా. అర్జీ ఆమెది కాబట్టి ప్రశ్నలన్నీ ఆమెనే అడిగాను. చూడనిదాన్ని అడిగి, చూసినవాణ్ణి వదిలేశాను. ఆ పూట అతనికి పొలం మీద కన్ను ఉందో లేదో నాకు తెలియదు. వదినెకు తోడుగా, బస్సు ఛార్జీలు పెట్టుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో వచ్చిన మనిషి. మోసం చేయాలనుకున్నవాడు తోడు వస్తాడా? లేక అందుకే వచ్చాడా?

నేను బయటికి వచ్చిన ఏడాది కల్యాణదుర్గం బస్టాండులో కరియప్ప కనిపించాడు. జుట్టు నెరిసింది. "బాగుండారా మేడమ్మా" అని పలకరించి, నా సంచి అందుకుని బస్సులో పెట్టాడు. వదినెతో ఇప్పుడు మాటలున్నాయని, పోయిన ఏడు ఆమె చేన్లో తన మందే పడుకుందని చెప్పాడు. అడగాలనుకున్న మాట నాలుక మీదికి వచ్చింది. ఇంతలో కండక్టరు విజిలేశాడు. నేనే, ఎవరితోనైనా నడిబజారులో వాదించేదాన్నే, అడగలేకపోయాను. ఇప్పుడు అడుగుతున్నాను. ఎవరైనా అతనికి చదివి వినిపించండి.

కరియప్పా, ఆ పొద్దు నువ్వు నాకు నాలుగడుగుల దూరంలో ఉన్నావు. నేను తల తిప్పి, "నువ్వు చెప్పప్పా, మీ అన్నను యాడ పూడ్చినారు?" అని ఒక్కమాట అడిగి ఉంటే, చెప్పేవాడివా?